బెల్‌గ్రేడ్ లెక్క

మా ఊళ్ళో టైమెంతని ఎవరినడిగినా ముందు ఎదురు ప్రశ్న వస్తుంది: "మనదా, వాళ్ళదా?" కొండ దాటితే సెర్బియా. అక్కడ గడియారం మాకంటే గంట వెనక. పైవీధిలో నడుస్తుంటే జేబులో ఫోను మనల్ని అడక్కుండానే సెర్బియా టవరుని పట్టుకుని గంట వెనక్కి పోతుంది. కిందవీధికి దిగితే మళ్ళీ బల్గేరియాకి వస్తుంది. పెళ్ళికి వెళ్ళాలన్నా, పళ్ళ డాక్టరు దగ్గరికి పోవాలన్నా ఎవరి టైమో తేల్చుకోకుండా మేం గడప దాటం. కామెన్ బ్రోద్ అనే ఇలాంటి ఊరికి సరైన టైము చెప్పే బాధ్యత మా మునిసిపాలిటీలో పనిచేసే దారింకా నెత్తిన పడింది.

నేను అదే ఆఫీసులో ముందు గదిలో కూర్చుని జనన మరణాల కాగితాల మీద ముద్రలేస్తాను. పేరు వెలికా. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో అంటారు. నిజమే. దారింకాకి అసలు కోపమే రాదు, నా కోపంలో సగం అందుకే.

ఆమె పని నేలమాళిగలో. ఒకప్పుడు బొగ్గు పోసుకునే గది అది, ఇప్పటికీ గోడకి మోచెయ్యి తగిలితే నల్లగా అంటుతుంది. అందులో ఒక పాత యూనిక్స్ సర్వరు ఉంది. బడి గంట, వీధి దీపాలు, బస్టాండులో బస్సుల బోర్డు, ఏడాదికోసారి మోగే సైరన్, అన్నీ దాన్ని అడిగే నడుస్తాయి. దారింకాకి ముందు ఆ కుర్చీలో లిలో అనే పెద్దాయన ఉండేవాడు. సెర్బియాలో మూతపడిన చక్కెర మిల్లు నుంచి దాన్ని చవగ్గా కొనుక్కొచ్చింది ఆయనే. మంచివాడు, కానీ బద్ధకం మనిషి.

ఇలాంటి యంత్రం కడుపులో ఒక ఉమ్మడి సమయం ఉంటుంది. అది లోకానికంతటికీ ఒకటే. నువ్వుండేది ఫలానా ఊరని దానికి చెప్తే, ఆ ఊరికి ఎన్ని గంటలు కలపాలో అన్నీ కలిపి గోడగడియారం టైము చూపిస్తుంది. ఎండాకాలంలో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌కి రెండు కలపాలి, మా రాజధాని సోఫియాకి మూడు. మిల్లు నుంచి వచ్చిన యంత్రానికి తనది బెల్‌గ్రేడ్ అనే గుర్తు. ఆ ఊరి పేరు తీసేసి సోఫియా అని రాస్తే పోయేది. లిలో ఆ పని చెయ్యలేదు. టైము గంట వెనక చూపిస్తోందని, గడియారాన్నే చేత్తో గంట ముందుకి తోసేశాడు. పైకి చూస్తే టైము సరిగ్గానే ఉంది. లోపల మాత్రం ఊరూ తప్పే, ఉమ్మడి సమయమూ తప్పే. ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.

దాని మీద ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే కట్టుకుంటూ పోయారు. దీపాలవాడు వచ్చి తన ప్రోగ్రామును ఆ తప్పుకి సరిపడా సర్దాడు. బడి గంటవాడూ అంతే. తీరా చూసేసరికి తప్పు తీసేస్తే ఊరంతా తలకిందులయ్యే స్థితి వచ్చింది. లిలో పోయాడు. దారింకా ఆ కుర్చీలో కూర్చుంది. అప్పటికి ఆమె ముప్పై దాటలేదు, ఇప్పుడు యాభైకి దగ్గర పడింది.

ఇంకో చిక్కు. ఆ యంత్రం వారం తిరిగేసరికి నాలుగైదు నిమిషాలు ముందుకి పరిగెడుతుంది. మామూలు యంత్రాలైతే నెట్‌లోంచి సరైన ఉమ్మడి సమయం అడిగి తమంతట తామే సర్దుకుంటాయి. దీన్ని అలా అడగనిస్తే ఒక్కసారిగా గంట వెనక్కి పోతుంది, తను బెల్‌గ్రేడ్‌లో ఉన్నాననుకుంటుంది కదా. అందుకని ప్రతి సోమవారం మధ్యాహ్నం పన్నెండుకి, రేడియోలో గంట కొట్టే ముందు వచ్చే పిప్ పిప్ చప్పుళ్ళు వింటూ, ఆఖరి చప్పుడుకి దారింకా మీట నొక్కాలి. పండగొచ్చినా, జ్వరమొచ్చినా, వాళ్ళమ్మ పోయిన వారం కూడా ఆమె నల్లబట్టలతో వచ్చి నొక్కి వెళ్ళింది.

"సెలవులో ఒక్కవారం ఎక్కువుంటే ఏమవుతుందే?" అని ఒకసారి అడిగాను.

"పిల్లలు బడికి వచ్చేలోపే గంట కొట్టేస్తుందక్కా. బస్సు వెళ్ళిపోయిందనుకుని ముసలాళ్ళు స్టాండులోంచి తిరిగి ఇంటికి పోతారు. చలికాలమైతే ఎంత కష్టం!"

"పోనీ. మేయరుకి బుద్ధొస్తుంది."

"చలిలో నడిచేది మేయరు కాదుగా," అంది. ఇదీ వరస. ఆమెతో వాదించి గెలవలేం, అలాగని ఒప్పుకోనూ లేం.

ఏటా ఎండాకాలంలో మంగళవారం బయల్దేరి సముద్రానికి వెళ్ళేది, ఆదివారానికల్లా తిరిగొచ్చేది. సగం రోజులు రైలుకే పోయేవి. ఆ మిగిలిన కాస్త రోజుల్లోనే బుర్గాస్‌లో స్తమెన్ పరిచయమయ్యాడు. భార్య పోయిన మనిషి, ఓడల్లో రేడియోలు బాగుచేస్తాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఆరు రోజుల పెళ్ళికూతురు వచ్చిందమ్మా" అని రొట్టెల కొట్టు దగ్గర పరాచికాలాడేవారు. దారింకా చెవుల దాకా ఎర్రబడి, డబ్బులిచ్చి, రొట్టె మర్చిపోయి వచ్చేసేది. ఆయన్నే ఇక్కడికి రమ్మనొచ్చుగా అంటే, "కొండల మధ్య ఓడలెక్కడున్నాయక్కా, ఆయన ఏం బాగుచేస్తాడు?" అని నవ్వేది. నవ్వు బాగానే ఉండేది. కళ్ళు చూస్తే నాకే ఏడుపొచ్చేది.

ఆ వసంతంలో స్తమెన్ ఆమెకి ఉద్యోగం చూశాడు. ఒక ఓడల కంపెనీలో, ఇలాంటి యంత్రాలే, కాకపోతే కొత్తవి. జూన్ నెల సగానికల్లా చేరాలి, అంతకు మించి ఆగలేమన్నారు. ఇక్కడ పని అప్పజెప్పి వచ్చినట్టు మేయరు సంతకంతో కాగితం కావాలన్నారు. సంతకం ఉంటే సముద్రం, స్తమెన్. లేకపోతే బొగ్గు గది. విషయమంతా అంతే.

మా మేయరు గెత్సో లావుపాటి మనిషి. తియ్యగా మాట్లాడతాడు. దారింకా అతని గదిలోకి వెళ్తే నేనూ వెనకాలే వెళ్ళాను, ఏదో ముద్ర వెయ్యాలన్న వంకతో.

"మేయర్ గారూ, నాకు విడుదల కాగితం కావాలండి."

"ఏ జైల్లోంచమ్మా?" గెత్సో గలగలా నవ్వాడు. "నువ్వు పోతే ఆ యంత్రాన్ని పెళ్ళాడేవాడెవడు?"

"నేను లేకపోయినా నడిచేలా చేసి వెళ్తానండి. అసలు ఊరి పేరు సోఫియాకి మార్చి, దానంతట అదే టైము తెలుసుకునేలా..."

"ఆగు ఆగు. ఇదివరకోసారి మార్చావుగా? ఏమైంది?"

దారింకా తల దించుకుంది. అప్పుడు ఏమైందో ఊరంతటికీ తెలుసు. బడి గంటకి చేసిన పాత సర్దుబాటు సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. చివరి గంట కాస్తా గంట ముందే కొట్టింది. పిల్లలు చెరువు కట్ట తెగినట్టు బయటపడి ఏటి ఒడ్డున ఆడుకుంటుంటే, తల్లులు సాయంత్రం దాకా వెతికారు. గెత్సో మర్నాడే మళ్ళీ పాత బెల్‌గ్రేడ్ లెక్కే పెట్టించాడు. అప్పట్నుంచీ అతనిది ఒకటే మాట, నడుస్తున్నదాని జోలికి పోవద్దని.

"ఈసారి అన్నీ ఒక్కొక్కటే చూసి మారుస్తానండి," అంది.

గెత్సో కాసేపు మీసం దువ్వుకున్నాడు. "సరే. జూన్ రెండున ఊరంతా చౌక్‌లో ఉంటుంది. నువ్వూ అక్కడే, నా కళ్ళ ముందుండాలి. నీ చెయ్యి పడకుండా పన్నెండుకి సైరన్ మోగిందా, ఆ సాయంత్రమే సంతకం. మోగలేదా, ఇంక ఈ ఊసు నా దగ్గరెత్తకు."

జూన్ రెండు అంటే మాకు స్వేచ్ఛ కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ రోజు. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి దేశమంతా సైరన్లు మోగుతాయి, ఎక్కడివాళ్ళక్కడ ఒక నిమిషం కదలకుండా నిలబడతారు. కారు నడిపేవాడు ఆపి దిగుతాడు. కత్తెర పట్టుకున్న మంగలి కత్తెరతోనే నిలబడతాడు. మా ఊరి సైరన్ మునిసిపాలిటీ కప్పు మీద ఉంది. దాన్ని ముందుగా ఒకసారి మోగించి చూద్దామన్నా కుదరదు. వేరే రోజున మోగితే వరదో, యుద్ధమో అనుకుని ముసలమ్మలు నేలమాళిగల్లోకి దూరతారు.

మే నెలంతా దారింకా పొద్దున్నే వచ్చి కూర్చునేది. దీపాలవాడికి ఫోను, బడి గంటవాడికి ఫోను, బస్సుల బోర్డువాడికి ఫోను. ఎక్కడెక్కడ ఆ పాత తప్పుకి అతుకులు వేశారో అన్నీ విప్పించింది. ఒక శనివారం పగలు, బడి లేనప్పుడు, నన్ను కిందికి పిలిచింది.

"చూడక్కా," అని ఒక్క వరుస కొట్టింది. బెల్‌గ్రేడ్ పోయి సోఫియా వచ్చింది. ఇంకో వరుస కొట్టింది. యంత్రం నెట్‌ని టైము అడిగి సర్దుకుంది.

"ఇంతేనా? ఇన్నేళ్ళూ ఇందుకేనా?" అన్నాను. ఒళ్ళు మండిపోయింది నాకు.

"ఇంతే," అంది.

ఆ సోమవారం నేను రేడియో పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. చప్పుళ్ళు మొదలయ్యాయి. దారింకా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది, అలవాటుగా మీట మీదికి పోతాయేమోనని. ఆఖరి చప్పుడు, యంత్రంలో పన్నెండు, రెండూ ఒక్కసారే. "నేను ముట్టుకోలేదక్కా," అని చిన్నపిల్లలా అంది. నేను ఆమె తల నిమిరాను. నాకు అంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

మిగిలింది సైరన్ ఒక్కటే. లిలో దానికి ఒకే వరుస రాసిపెట్టాడు. అది నేరుగా ఉమ్మడి సమయాన్నే చూస్తుంది. జూన్ రెండు, పది గంటలు అని ఉంది. దారింకా దాని మీద వేలు పెట్టి పైకే లెక్కేసింది. "పన్నెండులోంచి రెండు తీస్తే పది. ఇది సరిగ్గానే ఉంది, దీన్ని ముట్టుకోనక్కర్లేదు." నేను ఊఁ కొట్టాను. నాకేం తెలుసు!

ఆ వారంలో ఆమె పెట్టె కొనుక్కుంది. చక్రాలున్న నీలం రంగు పెట్టె. దాన్ని బొగ్గు గదిలోనే పెట్టుకుంది, ఇంట్లో పెడితే పక్కింటివాళ్ళు అడుగుతారని. స్తమెన్‌తో ఫోనులో మాట్లాడుతూ, "కిటికీలోంచి కనిపిస్తుందా? మొత్తం కనిపిస్తుందా, ముక్కే కనిపిస్తుందా?" అని అడగడం విన్నాను. సముద్రం గురించి.

జూన్ రెండు వచ్చింది. ఎండ బాగా కాసింది. చౌక్‌లో బడిపిల్లలు తెల్లచొక్కాలతో వరసల్లో నిలబడ్డారు. ముసలాళ్ళు జత పువ్వులు పట్టుకొచ్చారు. చనిపోయినవాళ్ళకి సరిసంఖ్యే ఇస్తాం. పూజారి వచ్చాడు, బాజాలవాళ్ళు వచ్చారు. స్మారక స్తంభం పక్కన గెత్సో ఎర్రటి పూలదండ పట్టుకుని నిలబడ్డాడు. దారింకా అతనికి ఎదురుగా, నా పక్కన. చేతులు వెనక్కి కట్టుకుంది, అందరికీ కనబడేలా.

బాజాలు ఆగాయి. పన్నెండు కావస్తోంది. గెత్సో చెయ్యెత్తాడు. చౌక్ అంతా నిశ్శబ్దమైపోయింది.

పన్నెండయింది. కొండ పక్కనున్న ఊరి సైరన్ సన్నగా, ఈగ మోతలా వినిపించింది. మాది మోగలేదు.

జనం ఆగారు. మౌనం బాగానే ఉంది, సైరనే లేదు. పిల్లల వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు. టోపీ తీసిన ముసలాయన మళ్ళీ పెట్టుకోవాలా వద్దా తెలియక గుండెకి ఆనించుకున్నాడు. గెత్సో చెయ్యి అలాగే పైనే ఉంది. దారింకా మొహం సున్నం కొట్టినట్టయింది.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. "కదలకు. మోగకపోతే మోగకపోనీ. నువ్వు పరిగెత్తి పైకెళ్ళావంటే అంతే సంగతులు. ఎవరూ నిన్ను వదలరు."

"మోగకపోయినా వదలరుగా అక్కా."

"కనీసం నీ చేతుల్తో నువ్వు చేసుకోకే! రాజీనామా మొహాన కొట్టి పో. కాగితం లేకుండానే పో."

"అందరూ పువ్వులు పట్టుకుని నిలబడ్డారక్కా," అంది. "ఎదురుచూస్తున్నారు."

చెయ్యి లాక్కుంది. నేను ఇంకా గట్టిగా పట్టుకోవాల్సింది, పట్టు జారింది. చెప్పులు విడిచేసి, ఆ వయసులో, ఊరంతా చూస్తుండగా మునిసిపాలిటీ మెట్లెక్కి పరిగెత్తింది. కప్పు కిందున్న గదిలో సైరన్‌కి చేత్తో నొక్కే ఎర్ర మీట ఒకటుంది. కాసేపటికి సైరన్ మొదలైంది. మొదట బొంగురుగా, తర్వాత గుండెలదిరేలా. ఊరంతా నిలబడింది. నేనూ నిలబడ్డాను. కన్నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు, కదలకూడదు కదా. చుట్టూ ఉన్నవాళ్ళు దేశభక్తి అనుకుని ఉంటారు.

ఆమె కిందికి దిగొచ్చాక గెత్సో చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. తిట్టలేదు. దండలోంచి ఒక ఎర్ర పువ్వు తీసి ఆమె చేతికిచ్చి, మైకులో అన్నాడు: "ఈ చెయ్యి లేకపోతే మన ఊరు మూగబోయేది. దారింకా మన మనిషి! ఈమెని మనం ఎక్కడికీ పోనివ్వం!" జనం చప్పట్లు కొట్టారు. మనస్ఫూర్తిగా కొట్టారు, అదే నాకు కడుపుమంట. ఒక్క పువ్వు పట్టుకుని చెప్పుల్లేకుండా నిలబడి ఆమె అందరికీ తల వంచి నమస్కరించింది.

తర్వాత అందరం మునిసిపాలిటీ క్యాంటీన్‌లో చిక్కుడుగింజల సూపుకి కూర్చున్నాం. దారింకా చెంచా ముట్టలేదు. గెత్సో రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకోబోతున్నాడు.

అప్పుడు సైరన్ మోగింది.

దానంతట అదే, ఎవరి చెయ్యీ పడకుండా, నిండు గొంతుతో మోగింది. గదిలో అందరూ ఒక్క ఉదుటున లేచి నిలబడ్డారు. చెంచాలు పట్టుకున్నవాళ్ళు చెంచాలతోనే. గెత్సో నోట్లో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది, నమలడానికి లేదు. కిటికీలోంచి చూస్తే వీధిలో సైకిలు మీద వెళ్ళేవాడు దిగి నిలబడ్డాడు. పైవీధి ముసలమ్మ ఒకావిడ తర్వాత నాతో అంది, "రెండోసారిదే సరిగ్గా మోగిందమ్మా, నా ఫోనులో అప్పుడే పన్నెండయింది." ఆవిడ ఫోను సెర్బియాలో ఉంది.

గోడగడియారంలో ఒంటిగంట. దారింకా నిలబడే వేళ్ళు మడుస్తోంది. సైరన్ ఆగింది. ఎవరూ మాట్లాడకముందే ఆమె నా వైపు తిరిగింది.

"మూడు తియ్యాలక్కా. సోఫియాకి మూడు. పన్నెండులోంచి మూడు తీస్తే తొమ్మిది." ఇంకోసారి వేళ్ళు మడిచింది. "నేను రెండు తీశాను. ఇన్నేళ్ళూ రెండే తీసి తీసి... యంత్రాన్ని మార్చాను గానీ, నా బుర్ర ఇంకా బెల్‌గ్రేడ్‌లోనే ఉండిపోయింది."

"ఒక్క అంకె!" నేను గెత్సో మీదికి లేచాను. "విన్నారుగా? యంత్రం తనంతట తనే నడుస్తోంది, చెయ్యక్కర్లేదు. ఒక్క అంకె మారిస్తే అయిపోయింది. సంతకం పెట్టండి."

గెత్సో రొట్టె మింగి, నీళ్ళు తాగి, తల పైకీ కిందికీ ఊపాడు. మా దగ్గర అలా ఊపితే కాదని అర్థం. "ఒకే రోజు రెండుసార్లు మోగిన దాన్ని నమ్మి మనిషిని వదులుకోమంటావా వెలికా? వచ్చే ఏడు జూన్ రెండుకి చూద్దాం." తర్వాత దారింకా భుజం తట్టి, "సూపు చల్లారిపోతోంది, తినమ్మా," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె కిందికి వెళ్ళి పదిని తొమ్మిది చేసింది. ఊపిరి తీసి వదిలినంత సేపు కూడా పట్టలేదు. ఓడల కంపెనీవాళ్ళు వచ్చే ఏడు దాకా ఎందుకాగుతారు? వేరే ఎవరినో తీసుకున్నారు. కాగితం లేకుండానే వచ్చెయ్యమని స్తమెన్ చాలాసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ ఆమె, "ఒక్క ఏడాదేగా" అంది. ఇప్పుడు ఆయన అంతగా ఫోను చెయ్యడు.

యంత్రం భేషుగ్గా నడుస్తోంది. క్షణం అటూ ఇటూ లేదు. బడి గంట, దీపాలు, బస్సులు, దేనికీ ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. నేను ప్రతి సోమవారం పన్నెండుకి ఏదో వంక పెట్టుకుని కిందికి దిగుతాను. దారింకా రేడియో పెట్టుకుని కూర్చునుంటుంది. నీలం పెట్టె మీద పాత తీగెల చుట్టలు పెట్టింది. చప్పుళ్ళు మొదలవుతాయి, ఆమె చెయ్యి మీట దాకా వెళ్తుంది. ఆఖరి చప్పుడు వినబడుతుంది, యంత్రం అప్పటికే పన్నెండు చూపిస్తూ ఉంటుంది. చెయ్యి కాసేపు అక్కడే ఆగి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేస్తుంది.

"సరిగ్గానే ఉందక్కా," అంటుంది.